చిన్న పట్టణమున కళావిద్య – మన కర్తవ్యము

   

 పండితులును, లోకానుభవము గల పెద్దలును ఆసీనులై యున్న ఈ సభలో ప్రసంగించుటకు మాకు గల యర్హత స్వల్పము. మేము ఒక చిన్న పట్టణమున బాలబాలికలకు సంగీతము, చిత్రలేఖనము, నృత్యము నేర్పించు చిన్న సమాజమును నడుపుచున్నవారము. ఆ పనిలో మేము చేసిన పొరపాట్లును, వానివలన నేర్చిన పాఠములును మాత్రమే మాకు గల మూలధనము. వానిని దాపరికము లేక మీ యెదుట విప్పి చెప్పుటయే మా యుద్దేశము. గ్రహింపదగినదని తోచిన దానిని గ్రహింపుడు. తోచని దానిని మన్నింపుడు.

మన తెలుగునాట కులసంఘముల చరిత్రను పరికించినచో, 20వ శతాబ్ద ప్రారంభమునుండి వానిలో ననేకము విద్యార్థి వసతిగృహ స్థాపనమునే ప్రథమ కర్తవ్యముగా భావించినట్లు కనబడును. పల్లెలో అక్షరములు దిద్దుకొని పైచదువునకై పట్టణమునకు వచ్చిన బాలునకు పాఠశాల యుండెను, ఉపాధ్యాయుడుండెను. లేనివి తల దాచుకొన నీడయు, ఆకలి తీర నన్నమును. ఏడిండ్లలో వారములు చేసికొని చదివినవారును, వారము దొరకని నాడు మంచినీళ్లు త్రాగి పండుకొన్నవారును మన పూర్వులలో నెందఱో కలరు. పెద్దలా లోటును కనిపెట్టిరి. ధాన్యము కొలిచి యిచ్చినవారు ధాన్యమిచ్చిరి, స్థలమిచ్చినవారు స్థలమిచ్చిరి, ఏమియు నీయలేనివారు ఇల్లిల్లు తిరిగి చందాలు వసూలు చేసిరి. పాఠము చెప్పిన వారు వేఱు. పాఠము వినుటకు బాలుని నిలిపినది ఆ పిడికెడు బియ్యము. నేడు మనలో వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, దేశాంతరములందు ఉద్యోగములు చేయుచున్నవారు ఇందఱున్నారన్నచో ఆ బియ్యపు గింజల ఫలమే యని మఱువరాదు.

అయితే ఒక్క విషయమున మనము ఉపేక్ష వహించితిమి. అది కళావిద్య. ఈ మహాసభ ప్రారంభమున చిన్నారులు ప్రార్థనాగీతము పాడిరి. మనము చప్పట్లు చఱచితిమి. ప్రతి సంవత్సరమును ఇట్లే చేయుచున్నాము. ఆ పిల్లలు ఎచట నేర్చిరి, నేర్పినవా రెవరు, ఆ నేర్పినవారి సంసారము ఎట్లు గడచుచున్నది అని అడిగినవారు మనలో ఎందఱు? పాట మనకు కావలెను, పాటను నిలుపు బాధ్యత మాత్రము అక్కఱలేదు. ఈ మాట మిమ్ము నొప్పించుటకు గాదు. ఈ దోషమున మేమే మొదటివారమని చెప్పుటకు.

మా సమాజము ఒక అద్దెయింటి వసారాలో ఆరంభమైనది. పల్లెనుండి వచ్చి స్థిరపడిన ఒక సంగీతోపాధ్యాయుని పిలిచి, ఆదివారము ప్రాతఃకాలమున పిల్లలకు సరళీస్వరములు చెప్పుమని కోరితిమి. ఉన్నవి ఒక శ్రుతిపెట్టె, రెండు చాపలు. కొన్ని మాసములకు చిత్రలేఖనము చెప్పుటకు ఒక యువకుడును, అడవులు నేర్పుటకు ఒక సోదరియు వచ్చి చేరిరి. కూలిపనికి పోవు తల్లుల బిడ్డలు, దుకాణదారుల బిడ్డలు, గుమాస్తాల బిడ్డలు ఒకే చాపపై కూర్చుండి ఒకే శ్రుతిలో గొంతు కలుపుచుండగా, వీథిని పోవువారు నిలిచి వినెడివారు. ఆ దినములలో మా కోశమున ధనము లేదుగాని మా మనస్సులలో లోటు లేదు.

పిమ్మట మాకు ప్రతిష్ఠపై కోరిక పుట్టినది. ఒక దాత యుదారబుద్ధితో రంగస్థలము కట్టించి యిచ్చెదనని ముందునకు వచ్చెను. మేము ఉప్పొంగితిమి. చందాలు ప్రోగుచేసితిమి, తెరలు తెప్పించితిమి, దాతల పేళ్లు చలువరాతిపై చెక్కించితిమి. ప్రారంభోత్సవము వైభవముగా జరిగినది. ఆ సంరంభములో, సంగీతోపాధ్యాయునకు మూడు మాసములుగా జీతము ముట్టలేదన్న సంగతి మాలో నెవ్వరికిని స్ఫురింపలేదు. ఆయన యడుగలేదు. అడుగుట ఆయన స్వభావము గాదు. ఒక ఆదివారము ఆయన రాలేదు. రెండవ ఆదివారమును రాలేదు. మూడవ ఆదివారము మేము పోయి చూచునప్పటికి, క్రొత్త రంగస్థలము తలుపునకు తాళమును, ఆ తాళము క్రింద మెట్లపై పుస్తకములు ఒడిలో పెట్టుకొని కూర్చున్న పిల్లలును కనబడిరి. అందులో ఒక చిన్నపిల్ల తనలో తాను జంటస్వరములు పాడుకొనుచుండెను. తప్పు పాడుచుండెను, దిద్దువారు లేకుండిరి.

మహాశయులారా! ఆ దృశ్యము మాకు బుద్ధి చెప్పినది. మేము ఉపాధ్యాయుని యింటికి పోయి క్షమాపణ వేడితిమి. ఆయన పెండ్లి మేళములలో పాడుటకు కుదిరినట్లు తెలిసినది. మమ్ము నిందింపలేదు. రాతిపై పేరు లేకున్నను బ్రతుకవచ్చుగాని, నెలకు బియ్యము లేక బ్రతుకుట ఎట్లని మాత్రము శాంతముగా నడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. బాకీ తీర్చి, ఇకమీదట నెల మొదటి దినముననే జీతము ముట్టజెప్పుదుమని మాట యిచ్చితిమి. ఆయన మరల వచ్చెను. కాని ఆ వ్యవధిలో దూరమైన పిల్లలలో కొందఱు తిరిగి రాలేదు. ఆ నష్టమును ఏ చందాతోడను పూడ్చజాలకపోతిమి.

ఈ యనుభవము కలిగిన పిమ్మట, మనకంటె పూర్వులు కళాశాలలను ఎట్లు నిలిపిరో తెలిసికొనవలెనన్న జిజ్ఞాస మాకు పుట్టినది. అందు విజయనగరపు సంగీత కళాశాల వృత్తాంతము మాకు గురువైనది. విజయనగరము మహానగరము గాదు. ఆనాడు ఒక సంస్థానపు పట్టణము. అచట పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. ఆస్థానోద్యోగి యొకరి కుమారుడు అంధుడనియు, ఆ బాలునకు సంగీతము చెప్పించవలెనన్న సంకల్పమే ఆ కళాశాలకు బీజమనియు చెప్పుదురు. ఒక్క బిడ్డకొఱకు తలుపు తెఱచిరి. తెఱచిన తలుపును ఆ యొక్క బిడ్డకే పరిమితము చేయలేదు. ఇందలి సూక్ష్మమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికి వత్తుము.

ఆ కళాశాలకు ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులని ప్రసిద్ధి గాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1919లోనే అచట అధ్యాపకులైరి. నాయుడుగారు విద్యార్థిగా చేరుటకు వచ్చిరనియు, వారి వాద్యమును వినిన పెద్దలు ఈయన నేర్వదగినవాడు గాడు, నేర్పదగినవాడని యెంచి అధ్యాపకపదవి యిచ్చిరనియు ఒక ప్రసిద్ధ వృత్తాంతము కలదు. వారు బాల్యమునుండి దృష్టి మందగించినవారు. యోగ్యతను పత్రములలో గాక చెవితో విని నిర్ణయించిన ఆ పెద్దల వివేకము మెచ్చదగినది. 1936లో నాయుడుగారు ఆ కళాశాలకే అధ్యక్షులైరి. జీతము గల పదవి, గౌరవము గల స్థానము, ప్రతిదినము ఎదుట కూర్చుండు శిష్యులు – ఈ మూడును కుదిరినందుననే ఆ విద్వాంసుల విద్య వారి తంత్రులతో ముగియక తరువాతి తరమునకు సంక్రమించినది.

ఇక ఆ కళాశాలకు వచ్చిన ఒక విద్యార్థి సంగతి. 1922లో కృష్ణామండలమున చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్ననాటనే తండ్రిని గోల్పోయిరి. సంగీతము నేర్వవలెనన్న పట్టుదలతో, చేతి యుంగరమును అమ్ముకొని విజయనగరము చేరిరని చెప్పుదురు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి విద్య చెప్పిరి. కాని భోజనము మాట? జోలె కట్టి ఇంటింట మధుకరము యాచించి, ఆ యన్నముతో కడుపు నింపుకొని ఆయన సాధన చేసిరి. తరువాత తెలుగువారి యింటింట వినబడిన ఆ కంఠము, ఒకప్పుడు విజయనగరపు వీథులలో అన్నము కొఱకు పిలిచిన కంఠమే.

ఈ వృత్తాంతమును మనము సాధారణముగా పట్టుదలకు దృష్టాంతముగా చెప్పుకొని సంతోషింతుము. మాకు మాత్రము ఇందు భయపడదగిన విషయము గోచరించుచున్నది. సంస్థానాధిపతి అధ్యాపకుల జీతమిచ్చెను. గురువు విద్య నిచ్చెను. అయినను ఆ బాలుడు నిలిచినది ఊరి గృహిణులు పెట్టిన పిడికెడు అన్నము మీదనే. ఆ యన్నము దొరకక, ఆ మొదటి మాసముననే తిరిగి పోయిన బాలు రెందఱో! వారి పేళ్లు మనకు తెలియవు. తెలియకపోవుటయే ఆ నష్టము యొక్క స్వరూపము. పాడినవాని కథ మనకు చేరును. పాడకుండ పోయినవాని కథ ఎవ్వరికిని చేరదు.

చిత్రకళ విషయమునను ఇట్టి దృష్టాంతము రాజమహేంద్రవరమున కలదు. 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారి చేతిలోని నేర్పును అచటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షులు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు గుర్తించి ప్రోత్సహించిరి. బొంబాయి జె.జె. కళాశాలలో విద్య ముగించి స్వస్థలమునకు తిరిగివచ్చిన రామారావుగారు, మహానగరమున లభింపగల కీర్తిని వదలుకొని, గోదావరీతీరముననే చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో మశూచికముచేత తమ 28వ యేటనే స్వర్గస్థులైరి. కాని పని ఆగలేదు. వారి మిత్రులును సహచరులును, ముఖ్యముగా వరద వేంకటరత్నముగారు, ఆ విద్యాదీపము ఆఱిపోకుండ కాపాడిరి. రామారావుగారి చిత్రములు నేటికిని ఆ పట్టణమున వారి పేరి చిత్రశాలయందు దర్శనీయములై యున్నవి. గుర్తించు కన్ను ఒకటి, నేర్పు చేయి ఒకటి, నేర్పినవాని వెనుక నిలుచు భుజము ఒకటి – కళ నిలుచుటకు ఈ మూడును వలయును. మూడవది లేనిచో మొదటి రెండును ఒక తరముతోనే అంతరించును.

ఇపుడు మీలో కొందఱి మనస్సులందు మెదలుచున్న యాక్షేపణలకు మాకు తోచినంతవఱకు సమాధానము చెప్పుకొందుము. ఇవి పరుల యాక్షేపణలు గావు; మా కార్యవర్గమునందే వినబడినవి.

మొదటిది: కళ కూడు పెట్టునా? నిజమే, నేర్చిన ప్రతి బాలుడును విద్వాంసుడు గాడు. గణితము చదివిన ప్రతి బాలుడును గణితశాస్త్రజ్ఞుడగుచున్నాడా? అయినను గణితము మానిపింపము. మాయామాళవగౌళలో సరళీస్వరములు మూడు కాలములలో పాడుట నేర్చిన పిల్లకు లెక్క తెలియును, ఓర్పు తెలియును, ప్రక్కవాని గొంతు వినుట తెలియును. ఆ రాగమునే మొదట చెప్పుటలో పెద్దల యాలోచన చూడుడు: షడ్జమమునుండి మధ్యమమువఱకు స్వరముల మధ్య నెంత యెడమున్నదో, పంచమమునుండి పై షడ్జమమువఱకును అంతే యెడము. పూర్వార్ధము పట్టుబడిన గొంతుకు ఉత్తరార్ధము తానై దారి చూపును. ఒక స్వరమును పలుమార్లు తప్పి, తుదకు సరిగా పలికించిన బిడ్డ, తక్కిన విద్యలందును ఓటమికి బెదరదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము కళలను చదువునకు వెలుపలి వేడుకలుగా గాక చదువులో భాగముగా గుర్తించినది. అయితే విధానపత్రము తానుగా పాట నేర్పదు; నేర్పుటకు మనిషి కావలెను.

రెండవది: ఆడపిల్లలకు ఏల? అని ఇపుడు బాహాటముగా అడుగువారు తగ్గిరి. కాని పన్నెండవ యేడు రాగానే ఏదో యొక మిషతో పిల్లను మానిపించుట ఇంకను కలదు. మా యొద్ద ఎక్కువ శ్రద్ధతో నేర్చుచుండిన ఒక బాలిక, ఆదివారము తల్లికి ఇంటిపనిలో సాయము లేదని మానినది. మేము ఆ తల్లితో మాటలాడి, పాఠపు వేళను ఆమెకు అనుకూలముగా ఒక గంట మార్చితిమి. పిల్ల తిరిగి వచ్చినది. ఒక గంట! ఇంతే ఆ యడ్డంకి. విజయనగరముననే పుట్టి, ఆ సంగీత కళాశాలలోనే నేర్చిన పి. సుశీలగారి గాత్రమును ప్రతిదినము వినుచు, మన యింటి యాడపిల్లను మాత్రము పాఠము మానిపించుట న్యాయమా?

మూడవది: చేతిలోని ఫోనునందే సర్వకళలును లభించుచుండగా ఈ శ్రమ ఏల? వినుటకు లభించును, సందేహము లేదు. పూర్వము మహారాజులకును దుర్లభమైన గానము నేడు కూలివాని బిడ్డకును అఱచేత వినబడుచున్నది. ఇది మేలే. కాని ఆ యంత్రము పాడును, పిల్ల పాటను వినదు. ఇచట శ్రుతి తప్పితివి తల్లీ, మరల పలుకుము అని చెప్పదు. తాళము క్రింద కూర్చుండి తప్పు పాడుకొనుచుండిన ఆ పిల్లకు కావలసినది మఱియొక పాట గాదు, తన పాటను వినెడి చెవి.

నాల్గవది అన్నిటికంటె కష్టమైనది. మన కులమువారు కష్టించి యిచ్చిన ధనము పరుల బిడ్డలకు ఏల వ్యయము కావలెను? ఈ ప్రశ్న వేసిన పెద్దలపై మాకు గౌరవము కలదు. ఇచ్చిన ప్రతి రూపాయి వెనుక ఎంత చెమట యున్నదో వారెఱుగుదురు. కాని విన్నపము చేసికొందుము. పూర్వము మన దేశమున కళ యింటివిద్యగా నుండెను. కొండపల్లి బొమ్మలు చేయువారి బిడ్డ పొణికిచెక్క చెక్కుట తండ్రి ప్రక్కనే నేర్చెను. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల బిడ్డ తోలుపై రంగు లద్దుట తల్లి చూచుచుండగా నేర్చెను. చేర్యాలలో నకాశీ కుటుంబముల బిడ్డలు కథాపటములు వ్రాయుట ఆ విధముననే నేర్చిరి. ఆ యిండ్లే పాఠశాలలు. అందుచేత విద్య నిలిచినది. కాని ఆ యింట పుట్టని బిడ్డకు ఆ తలుపు తెఱువబడలేదు. నేడు ఆ యిండ్లలోని బిడ్డలే బ్రతుకుదెరువునకై ఇతర వృత్తులకు పోవుచున్నారు. ఇంటివిద్య యింట నిలువనపుడు ఊరివిద్య కావలెను. ఊరివిద్య కావలెనన్న తలుపు ఊరందఱికిని తెఱచి యుండవలెను.

మఱియొక మాట. విజయనగర ప్రభువు ఆస్థానోద్యోగి బిడ్డకొఱకు తెఱచిన తలుపును ఆస్థానోద్యోగుల బిడ్డలకే అట్టిపెట్టినచో ఏమగును? చౌటపల్లినుండి వచ్చిన తండ్రి లేని బాలుడు గుమ్మమునుండియే మఱలి యుండును. ఆ పైని ఎవరి నష్టము? ఉద్యోగులదియు, ప్రభువుదియు, మనదియు. పైగా, ఒకే కులపు పిల్లలతో మేళము కుదురదని మేము అనుభవముచే చెప్పుచున్నాము. మృదంగము పట్టిన బిడ్డ యొక వీథివాడు, పాడు బిడ్డ వేఱొక వీథిది, ఆడు బిడ్డ మఱియొక వాడది. అందఱును కలిసిననే ఒక ప్రదర్శనము. చెట్టు నాటినవాని పేరు చెట్టునకుండును. నీడకు కులము లేదు. ధనము మనదే, పేరును మనదే, తలుపు మాత్రము అందఱిది. ఇందువలన మన గౌరవము పెరుగునేగాని తఱుగదు.

ఇక కర్తవ్యము. మాటలతో ముగించి పోవుట మా యభిమతము గాదు. చిన్న పట్టణములందు ఇట్టి సమాజమును నెలకొల్పగోరు సోదరులకు మేము నేర్చినంత నివేదించుచున్నాము.

ప్రథమమున ఉపాధ్యాయుని జీతము. భవనము పిదప, రంగస్థలము పిదప, వార్షికోత్సవము పిదప. దీనికి మేము అవలంబించిన మార్గము పాతదే. వారములు చేసికొని చదివిన మన పూర్వుల యొద్ద ఎరువు తెచ్చుకొన్నది. ఏడిండ్లు ఏడు దినములు ఒక విద్యార్థిని పోషించిన రీతినే, పండ్రెండు కుటుంబములు పండ్రెండు మాసములు ఒక ఉపాధ్యాయుని పోషించుట. ఒక్కొక కుటుంబము సంవత్సరమునకు ఒక మాసపు జీతము మాత్రమే భరించును. భారము పంచుకొన్నచో తేలిక. దాత యొక్కరే యైనచో, ఆయన యసౌకర్యమే పాఠశాలకు అంత్యదినము. వేసవిలో పాఠములు లేని మాసములకును జీతము ముట్టవలెను. ఉపాధ్యాయుని యాకలికి సెలవులు లేవు గదా!

రెండవది బిడ్డ యాహారము. ప్రాతఃకాలమున పాఠమునకు వచ్చు పిల్లలలో కొందఱు ఏమియు తినకుండ వత్తురు. ఖాళీ కడుపున గాత్రసాధన చేయు పిల్లకు కండ్లు తిరుగుట మేము చూచితిమి. నాటినుండి పాఠమునకు ముందు ఉప్మాయో, ఉడుకబెట్టిన సెనగలో పెట్టుచున్నాము. సోదరీమణులు వంతులవారీగా ఈ భారము వహించుచున్నారు. మా సమాజమున జరుగు కార్యములలో ఇదియే అతి స్వల్పవ్యయము, అత్యధిక ఫలము.

మూడవది, ఊరిలోనే యున్న విద్యను గుర్తించుట. పట్టముల కొఱకు చూడవలదు. బుఱ్ఱకథ చెప్పు వృద్ధుడు, చెక్కభజన నేర్పు రైతు, తోలుబొమ్మలాడించు కుటుంబము, ముగ్గులలో నిపుణురాలైన అవ్వ – వీరందఱును ఉపాధ్యాయులే. ద్వారంవారిని విని నిర్ణయించిన పెద్దల చెవి మనకు కావలెను. వారిని ఉచితముగా పిలువవలదు. పిలిచిన దినమునకు తగిన సంభావన ముట్టజెప్పవలెను.

నాల్గవది, లెక్కలు. 2001 నాటి సంఘముల నమోదు చట్టము ననుసరించి ఏడుగురు సభ్యులు చేరినచో సమాజమును నమోదు చేయింపవచ్చును. నమోదైన పిదప ప్రతి సంవత్సరమును జమాఖర్చులను తనిఖీ చేయించి, పిల్లల తల్లిదండ్రుల యెదుట చదువవలెను. మేము ఉపాధ్యాయుని బాకీని మఱచుట కపటమువలన గాదు. లెక్క బిగ్గరగా చదువబడనందున. చదివిననాడు అట్టి మఱపు దాగదు.

ఐదవది, లభింపదగిన సాయమును బిడ్డలకు తెలియజేయుట. సాంస్కృతిక ప్రతిభగల 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు బాలబాలికలకు కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రముద్వారా విద్యార్థివేతనమిచ్చు పథకము 1982లో ఆరంభమైనది. సంప్రదాయ కళాకారుల కుటుంబముల బిడ్డలకు అందు కొంత భాగము ప్రత్యేకింపబడినది. పల్లెతల్లికి ఈ మాట చెప్పువారు లేరు. దరఖాస్తు నింపువారు లేరు. మన సంఘపు శాఖలలో అక్షరాస్యులైన యువకులు ఒక పూట దీనికి వెచ్చించినచో, పైస వ్యయము లేకయే ఒక బిడ్డకు మేలు కలుగును.

మహాశయులారా! మా సమాజపు నేటి స్థితినికూడ దాచక చెప్పవలసియున్నది. మా సంగీతోపాధ్యాయులు వృద్ధులైరి. వారు తయారుచేసిన శిష్యులలో ఇద్దఱు ముగ్గురు చక్కగా నేర్పగలవారున్నారు. కాని వారు పట్టణము విడిచి నగరమునకు పోవుటకు సిద్ధముగా నున్నారు. వారిని తప్పుపట్టజాలము. యౌవనమున సంసారము మొదలిడువారిని, ఒక మాసము జీతమిచ్చి మఱియొక మాసము మఱచు సమాజమును నమ్ముకొని యుండుడని ఏ మొగముతో నడుగుదుము? మా పండ్రెండు కుటుంబములలో రెండు కుటుంబములవారు ఊరు విడిచి పోయిరి. ఆ రెండు మాసముల స్థానము ఖాళీగా నున్నది. మీతో చెప్పుకొనుటకు వచ్చిన యాపద ఇంతటిది. చూచుటకు చిన్నది, కాని ఒక పాఠశాల తలుపునకు మరల తాళము పడుటకు చాలినది.

కావున మా ప్రార్థన యిది. ఈ మహాసభ తన తీర్మానములలో విద్యార్థివేతనములతోపాటు కళావిద్యను చేర్చుగాక. ప్రతి శాఖయు తన పట్టణమున ఒక్క ఉపాధ్యాయునకు ఒక్క సంవత్సరపు జీతము పూచీపడుగాక. విదేశములందున్న మన సోదరులు, భవనములకు పేరు పెట్టుటకంటె, ఒక ఉపాధ్యాయుని యింట నెల మొదటి దినమున పొయ్యి వెలుగునట్లు చూచుట గొప్ప దానమని తలంతురుగాక. మా పట్టణపు సంగతి మాటకు వచ్చినచో, ఆ రెండు మాసములను పూరింపగల దాతలు ఈ సభలోనే యున్నారని మా విశ్వాసము. వారి పేళ్లు చలువరాతిపై చెక్కింపము, ముందే చెప్పుచున్నాము. వార్షిక లెక్కలలో తల్లిదండ్రుల యెదుట బిగ్గరగా చదువుదుము.

మెట్లపై కూర్చుండి జంటస్వరములు తప్పు పాడుకొనుచుండిన ఆ చిన్నపిల్ల ఇపుడు పెద్దదై, ఆదివారమునాడు క్రొత్తగా చేరిన పిల్లలకు ఆ స్వరములనే చెప్పుచున్నది. తప్పు పలికిన పిల్లను గద్దింపదు. ప్రక్కన కూర్చుండి, మరల పలికించి, వినును. ఆ పిల్ల మన కులమునకు చెందినది గాదు. ఆమె చెప్పు పాఠము వినుచున్న పిల్లలలో మన బిడ్డలున్నారు.